ఓడిన పార్టీ ఓటు ఎక్కడికీ పోలేదు: 2023 శాసనసభ ఎన్నికల లెక్క

2023లో తొమ్మిది రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికలు జరిగాయి. ఫిబ్రవరిలో త్రిపుర, మేఘాలయ, నాగాలాండ్, మేలో కర్ణాటక, నవంబరులో మిజోరం, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, తెలంగాణ. బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళకు, ముఖ్యంగా తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళకు, వీటిలో రెండు ఎన్నికలు ఇంటి విషయాలే. మే 10న తాము బతుకుతున్న ఊరి ఎన్నిక, నవంబరు 30న తాము పుట్టిన ఊరి ఎన్నిక. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలు ఉన్నందువల్ల టీవీ చర్చల్లో ఈ వరుసకంతటికీ ‘సెమీఫైనల్’ అనే పేరు స్థిరపడింది. మేలో కాంగ్రెస్ కర్ణాటకను గెలిస్తే దేశంలో గాలి మారిందన్నారు. డిసెంబరు 3న మూడు హిందీ రాష్ట్రాలు బీజేపీకి దక్కేసరికి గాలి మళ్ళీ తిరిగిందన్నారు. సీట్లు మాత్రమే లెక్కపెడితే రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి. ఓట్ల శాతాలను పక్కన పెట్టుకుని చూసినప్పుడు మాత్రం, ఆ ఏడాది నాలుగు పెద్ద రాష్ట్రాల్లో ఓడిన పార్టీ ఓటు దాదాపు ఉన్నచోటే ఉందనీ, కదిలింది ఎక్కువగా మూడో పక్షాల ఓటేననీ తెలుస్తుంది.

ముందు కర్ణాటక సంగతి. 224 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 135, బీజేపీకి 66, మూడో పక్షమైన జేడీఎస్ (జనతాదళ్ సెక్యులర్)కు 19 వచ్చాయి. 2018లో 104 స్థానాలతో అతి పెద్ద పార్టీగా నిలిచిన బీజేపీ ఐదేళ్ళలో 38 స్థానాలు పోగొట్టుకుంది. అంతటి దెబ్బ తగిలిన పార్టీ ఎన్ని ఓట్లు కోల్పోయి ఉండాలి? 2018లో దానికి వచ్చినవి 36.3 శాతం; 2023లో 36 శాతం. ఓటర్లు పెరిగారు కాబట్టి మొత్తం ఓట్ల సంఖ్య చూస్తే నిజానికి పెరిగింది కూడా. మరోవైపు జేడీఎస్ 18.3 శాతం నుంచి 13.3 శాతానికి జారింది, కాంగ్రెస్ 38.1 నుంచి 42.9కి చేరింది. ఒకరు పోగొట్టుకున్న ఐదు, ఇంకొకరికి కలిసొచ్చిన ఐదు ఇంత దగ్గరగా సరిపోవడం లెక్కల్లో అరుదు. అయితే జేడీఎస్‌ను వదిలిన ప్రతి ఓటూ నేరుగా కాంగ్రెస్‌కే చేరిందనుకుంటే పొరపాటు. పాత మైసూరు ప్రాంతంలోనూ బెంగళూరులోనూ బీజేపీ ఓటు పెరిగింది, ఉత్తర కర్ణాటకలో తగ్గింది. పాత మైసూరులో పెరిగినది సీట్లు తేలేదు, ఉత్తరాన తగ్గినది ఉన్న సీట్లు తీసుకుపోయింది.

ఆరు నెలల తరువాత మధ్యప్రదేశ్‌లో ఇదే లెక్క పార్టీల పేర్లు తారుమారై మళ్ళీ కనబడింది. 2018లో అక్కడ కాంగ్రెస్‌కు 40.9 శాతం ఓట్లతో 114 స్థానాలు వచ్చాయి. బీజేపీకి అంతకంటే వెంట్రుకవాసి ఎక్కువ ఓట్లు వచ్చినా స్థానాలు 109 దగ్గర ఆగాయి. 2023లో కాంగ్రెస్ ఓటు 40.4 శాతం, అంటే అర శాతం తగ్గింది, స్థానాలు మాత్రం 66కు పడిపోయాయి. కర్ణాటకలో బీజేపీకి మిగిలినవీ 66, మధ్యప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు మిగిలినవీ 66. ఇది కాకతాళీయమే, కానీ గుర్తుపెట్టుకోదగ్గ కాకతాళీయం. బీజేపీ 48.6 శాతానికి ఎగబాకిందంటే, ఆ ఓటు ప్రధానంగా బీఎస్పీ నుంచి, చిన్న పార్టీల నుంచి, స్వతంత్రుల నుంచి వచ్చింది తప్ప కాంగ్రెస్ ఇంటిని కొల్లగొట్టి తెచ్చింది కాదు.

ఛత్తీస్‌గఢ్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2018లో 43 శాతంతో 68 స్థానాలు గెలిచిన కాంగ్రెస్, 2023లో 42.2 శాతంతో 35కు దిగింది. మధ్యలో జరిగిందేమిటంటే, 2018లో ఏడు శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న అజిత్ జోగి ప్రాంతీయ పార్టీ, 2020లో ఆయన మరణించాక, దాదాపు ఆనవాలు లేకుండా పోయింది. 33 శాతం దగ్గర ఉన్న బీజేపీ 46.3కు చేరింది. రాజస్థాన్‌లో ఓడిన కాంగ్రెస్ ఓటు తగ్గకపోగా రవ్వంత పెరిగింది: 39.3 నుంచి 39.5. అయినా పార్టీ 69 స్థానాలకు పరిమితమైంది, 41.7 శాతం తెచ్చుకున్న బీజేపీ 115 గెలిచింది. గెహ్లోత్ ప్రభుత్వాన్ని జనం ఛీకొట్టారని డిసెంబరులో రాసిన విశ్లేషణలు ఈ అంకెను చూసి రాసినట్టు లేవు.

ఒక నియోజకవర్గంలో అందరికంటే ఒక ఓటు ఎక్కువ వచ్చినవాళ్ళే గెలిచే పద్ధతిలో, ముగ్గురు గట్టి అభ్యర్థులు ఉన్నచోట 36 శాతంతో నెగ్గవచ్చు, ఇద్దరే మిగిలినచోట 45 శాతంతో ఓడిపోవచ్చు. అందువల్ల ఓడిన పార్టీ ముందుగా ఆలోచించవలసింది తన ఓటు ఎందుకు పోయిందని కాదు, మూడోవాడి ఓటు తన వైపు ఎందుకు రాలేదని. కర్ణాటకలో ఆ ప్రశ్నకు జవాబు వెతకడం కష్టం కాదు. ప్రభుత్వ పనుల్లో 40 శాతం కమీషన్ అడుగుతున్నారన్న కాంట్రాక్టర్ల ఆరోపణను కాంగ్రెస్ 2022 సెప్టెంబరులోనే ముఖ్యమంత్రి బొమ్మతో ‘పేసీఎం’ (ముఖ్యమంత్రికి చెల్లించండి) పోస్టర్లుగా బెంగళూరు గోడల మీదికి ఎక్కించింది. పాత బీజేపీ ఓటరు ఆ పోస్టరు చూసి పార్టీ మారలేదు. ఎటూ తేల్చుకోని ఓటరుకూ, జేడీఎస్‌కు వేస్తే ఈసారి ఓటు వృథా అవుతుందేమోనని అనుమానిస్తున్న ఓటరుకూ మాత్రం అది సాకు ఇచ్చింది. 1985 తరువాత కర్ణాటకలో అధికారంలో ఉన్న పార్టీ తిరిగి గెలిచింది లేదు. ఆ ఆనవాయితీని తిరగరాయాలంటే మూడో పక్షం ఓటు కావలసివుండగా, అది ఎదుటి పక్షానికి వెళ్ళింది.

ఇది ఒక్కో ఊళ్ళో ఎలా పనిచేసిందో తెలుగువాళ్ళకు బాగా తెలిసిన నియోజకవర్గాల్లోనే చూడవచ్చు. 2011 జనగణన ప్రకారం కర్ణాటక జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 5.8 శాతం, బళ్ళారి, కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లోనూ బెంగళూరులోనూ వాళ్ళు ఎక్కువ. బళ్ళారిలో గాలి జనార్దన రెడ్డి 2022 డిసెంబరులో బీజేపీకి దూరమై కల్యాణ రాజ్య ప్రగతి పక్షను పెట్టారు. బళ్ళారి నగర స్థానంలో బీజేపీ తరఫున నిలబడిన సొంత సోదరుడు సోమశేఖర రెడ్డి మీద భార్య అరుణలక్ష్మిని పోటీకి దింపారు. ఒకే ఇంటి ఓటు రెండుగా చీలింది. కాంగ్రెస్ అభ్యర్థి నారా భరత్ రెడ్డి గెలిచారు. జనార్దన రెడ్డి మాత్రం గంగావతిలో నెగ్గి, పార్టీకి దక్కిన ఏకైక స్థానంతో సభలో అడుగుపెట్టారు. 2024 మార్చిలో పార్టీని తీసుకెళ్ళి మళ్ళీ బీజేపీలోనే కలిపేశారు. కోలారు జిల్లా శ్రీనివాసపురంలో ఈ గాలులేవీ సోకలేదు. దశాబ్దాలుగా తామిద్దరే గెలుస్తూ వస్తున్న కె.ఆర్. రమేశ్ కుమార్, జి.కె. వెంకటశివారెడ్డిలలో ఈసారి జేడీఎస్ అభ్యర్థి వెంకటశివారెడ్డి వంతు వచ్చింది. చిక్కబళ్ళాపురంలో ఆరోగ్యమంత్రిగా ఉన్న సుధాకర్ కోసం సాక్షాత్తూ బ్రహ్మానందం వచ్చి ప్రచారం చేసినా మంత్రి ఓడిపోయారు. తెలుగు ఓటు గుంపగుత్తగా ఏదో ఒక వైపు పడుతుందన్న నమ్మకం ప్రతి ఎన్నికకూ బెంగళూరు రాజకీయ వర్గాల్లో వినబడుతూనే ఉంటుంది గానీ, ఈ మూడు చోట్లా ఫలితాలు ఒకే దారిలో లేవు.

బెంగళూరు జయనగర స్థానంలో అయితే శాతాల ప్రసక్తే లేదు. సీనియర్ కాంగ్రెస్ నాయకుడు రామలింగారెడ్డి కుమార్తె సౌమ్యారెడ్డి ఓట్ల లెక్కింపులో ముందున్నట్టు కనబడి, అర్ధరాత్రి దాకా సాగిన మళ్ళీ లెక్కింపు తరువాత 16 ఓట్ల తేడాతో బీజేపీ అభ్యర్థి సి.కె. రామమూర్తి చేతిలో ఓడిపోయారు. ఒక్క అపార్ట్‌మెంటులో ఆ రోజు కిందికి దిగని ఓటర్ల సంఖ్య అంతకంటే ఎక్కువే ఉంటుంది.

తెలంగాణ దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు, పనిచేయదని ఒప్పుకోవడమే సబబు. అక్కడ అధికార పార్టీ ఓటు నిజంగానే కరిగింది. 2018లో 46.9 శాతంతో 88 స్థానాలు గెలిచిన టీఆర్‌ఎస్, బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకుని 37.3 శాతానికి, 39 స్థానాలకు దిగింది. కాంగ్రెస్ 28.4 నుంచి 39.4కు చేరి 64 గెలిచింది. బీజేపీ 7 శాతం నుంచి 13.9కి, అంటే దాదాపు రెట్టింపై 8 స్థానాలు తెచ్చుకుంది. 2018లో పొత్తులో భాగంగా కొన్ని స్థానాలు వదులుకున్న కాంగ్రెస్ ఈసారి కొత్తగూడెం తప్ప అన్ని చోట్లా పోటీ చేసినందువల్ల ఆ పార్టీ పెరుగుదలలో కొంత భాగం అలా వచ్చినదే. అప్పుడు మూడున్నర శాతం ఓట్లు తెచ్చుకున్న తెలుగుదేశం, సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు అరెస్టు తరువాత, తెలంగాణలో అసలు పోటీయే చేయలేదు. ఇవన్నీ తీసేసినా పాలకపక్షం తొమ్మిది శాతం పైచిలుకు కోల్పోయిందన్న సంగతి మిగులుతుంది. పదేళ్ళ పాలన మీది విసుగు రెండు పార్టీల మధ్య పంచుకోబడింది. కామారెడ్డిలో అది కళ్ళకు కట్టింది: ముఖ్యమంత్రి కేసీఆర్, కాబోయే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడ నిలబడితే, బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి ఇద్దర్నీ ఓడించారు.

రెండు రాజధానుల ప్రవర్తన మటుకు ఒక్కలాగే ఉంది. రాష్ట్రం ఒక దారిన పోతే నగరం ఇంకో దారిన పోయింది. బెంగళూరులోని 28 స్థానాల్లో బీజేపీ 16, కాంగ్రెస్ 12 గెలిచాయి. 2018తో పోలిస్తే ఇక్కడ బీజేపీ బలం పెరిగింది. హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో మజ్లిస్ 7, బీఆర్‌ఎస్ 7, బీజేపీ 1 గెలవగా, రాష్ట్రంలో అధికారం చేపట్టిన కాంగ్రెస్‌కు ఒక్కటి కూడా రాలేదు. పోలింగ్ శాతమూ అంతే. కర్ణాటక మొత్తం మీద 73 శాతం దాటితే బెంగళూరు 55 దగ్గర్లో ఆగింది. తెలంగాణ 71 దాటితే హైదరాబాద్ సగానికి కూడా చేరలేదు. వారాంతానికి ఆనుకుని సెలవు వస్తే నగరవాసులు ఊళ్ళు పట్టి పోతారని ఎన్నికల సంఘం కర్ణాటకలో పోలింగ్‌ను ఉద్దేశపూర్వకంగా బుధవారం పెట్టింది. ఫలితం చూస్తే, రోజు మార్చినంత మాత్రాన నగరం కదలలేదు.

నగరవాసుల బద్ధకాన్ని తిట్టడం సులభం. ఆ బద్ధకంలో కొంత భాగం ఓటర్ల జాబితా తయారుచేసినది. నియోజకవర్గాల హద్దులు 2001 జనగణన ఆధారంగా గీసినవి. ఐటీ కంపెనీలు ఎక్కువగా ఆ తరువాతే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ చుట్టూ పెరిగాయి. అందువల్ల మహదేవపుర నియోజకవర్గంలో ఆరు లక్షల మంది ఓటర్లుంటే, నగరం నడిబొడ్డున శివాజీనగరలో రెండు లక్షల దగ్గర ఉన్నారు. ఒకరి ఓటు విలువ ఇంకొకరి దాంట్లో మూడో వంతు. హైదరాబాద్ పక్కన శేరిలింగంపల్లి, అటు భద్రాచలం పోల్చినా ఇదే తీరు, ఇంకా పెద్ద తేడాతో. ఇంత పెద్ద నియోజకవర్గంలో అభ్యర్థి గడప తొక్కడం అసాధ్యం. జాబితాలో ఇల్లు మారినవాళ్ళ పేర్లు తీసేయడమూ, కొత్తగా వచ్చినవాళ్ళ పేర్లు చేర్చడమూ ఎప్పటికీ పూర్తికావు. శాతం లెక్కలో కింద ఉన్న సంఖ్యే ఉబ్బి ఉన్నప్పుడు వచ్చిన శాతం తక్కువగా కనబడక తప్పదు.

మారతహళ్ళిలో నెల్లూరు, కడప వైపువాళ్ళు నడిపే పీజీ హాస్టళ్ళలో ఈ చిక్కు దగ్గరినుంచి కనిపిస్తుంది. మూడు మంచాల గదిలో ఒకరి ఓటు మహబూబ్‌నగర్ జిల్లాలో, ఒకరిది కదిరిలో ఉంటే, మూడోవారి పేరు ఎక్కడా ఉండదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటు ‘సాధారణంగా నివసించే’ చోట ఉండాలి, ఒకటికి మించి చోట్ల ఉండరాదు. పీజీలో ఐదేళ్ళు ఉన్నా కొత్త నమోదుకు ఫారం 6 గానీ చిరునామా మార్పుకు ఫారం 8 గానీ నింపనివాళ్ళే ఎక్కువ, ఎందుకంటే ఊరి ఓటు పోతే ఊళ్ళో మాట కూడా పోతుందన్న భావన బలమైనది. మే 10న వీళ్ళకు అది ఉట్టి సెలవు. నవంబరు 29 రాత్రి మడివాళ నుంచి, ఆనందరావు సర్కిల్ నుంచి బస్సెక్కిన తెలంగాణవాళ్ళు ఓటు కోసం రెండు రాత్రుల నిద్ర వదులుకున్నవాళ్ళు. ఇటువంటివాళ్ళ కోసమే ఎన్నికల సంఘం 2023 జనవరిలో, ఉన్నచోటునుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేయగల యంత్రం నమూనాను పార్టీల ముందుకు తెచ్చింది. ఒక్కో యంత్రం 72 నియోజకవర్గాల ఓట్లను తీసుకోగలదు. వలస వచ్చినవారెవరు, వేరే రాష్ట్రంలో ప్రవర్తనా నియమావళిని ఎవరు అమలు చేస్తారు, అన్ని బూత్‌లలో ఏజెంట్లను ఎలా పెట్టాలి అని ప్రతిపక్షాలు అడిగాయి. అవి సరైన ప్రశ్నలే. జవాబులు వెతికే పని మాత్రం అక్కడితో ఆగిపోయింది.

ఇక గ్యారంటీలు. 2023 ఎన్నికలకు బెంగళూరు అందించిన ఎగుమతి ఇదే. ఇంటికి 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు, ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు, మనిషికి పది కిలోల బియ్యం, చదువు ముగించిన నిరుద్యోగులకు భృతి, మహిళలకు ఉచిత బస్సు అన్న ఐదు హామీలతో కాంగ్రెస్ కర్ణాటకను గెలిచింది. జూన్ 11న ‘శక్తి’ బస్సు పథకం మొదలైంది. సెప్టెంబరు 17న హైదరాబాద్ శివార్లలోని తుక్కుగూడ సభలో ఆరు గ్యారంటీలు ప్రకటించినప్పుడు, వాటిలో 200 యూనిట్ల కరెంటు పథకం ‘గృహజ్యోతి’ అన్న కన్నడ పేరుతో సహా సరిహద్దు దాటింది. నెలకు ఇచ్చే మొత్తం మాత్రం 2,500కు పెరిగింది. దాంతో తెలంగాణ ఎన్నికలో కర్ణాటక ఒక సాక్షిగా మారింది. కాంగ్రెస్ తరఫున డి.కె. శివకుమార్ తాండూరు వచ్చి, తమ రాష్ట్రంలో రైతులకు ఐదు గంటల కరెంటు ఇస్తున్నామని గొప్పగా చెబితే, 24 గంటలు ఇస్తున్నామని చెప్పుకుంటున్న కేసీఆర్‌కు అంతకంటే మంచి ప్రచారాస్త్రం దొరకలేదు. కర్ణాటక ప్రభుత్వం తన పథకాల ప్రకటనలను తెలంగాణ పత్రికల్లో వేయించుకుంటే, పోలింగ్‌కు మూడు రోజుల ముందు ఎన్నికల సంఘం వాటిని ఆపమంది. అదే రోజున రైతుబంధు డబ్బుల పంపిణీకి అంతకుముందు ఇచ్చిన అనుమతినీ వెనక్కి తీసుకుంది.

ఆ పథకాలకు హద్దు ఎక్కడుందో బెంగళూరు సిటీ బస్సులో తెలుస్తుంది. కండక్టర్ టికెట్ యంత్రం పట్టుకుని వచ్చినప్పుడు, చిరునామా కర్ణాటకలో ఉన్న మహిళ ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకుంటుంది. పక్కసీట్లో, అదే ఆఫీసుకు పోతూ, హిందూపురం ఆధార్ ఉన్న మహిళ చిల్లర వెతుక్కుంటుంది. ‘గృహజ్యోతి’ అలా కాదు, అది మీటరును చూస్తుంది గానీ మనిషి ఊరిని చూడదు; అద్దెకున్నవాళ్ళకూ వర్తించింది. ఓటు లేని చోట కరెంటు బిల్లు సున్నా రావడం, ఓటు ఉన్న చోటి పథకం చేతికందకపోవడం, రెండూ ఒకే మనిషికి జరుగుతాయి. తెలంగాణలో డిసెంబరు 9న మొదలైన ఉచిత బస్సుకూ స్థానిక గుర్తింపు కార్డు నిబంధనే పెట్టారు.

గ్యారంటీలే గెలిపించాయన్న నిర్ధారణ మాత్రం అదే నెలలో దెబ్బతింది. రాజస్థాన్‌లో 500 రూపాయల గ్యాస్ సిలిండరు, 25 లక్షల ఆరోగ్య బీమా హామీలుగా కాక అమలులో ఉన్న పథకాలుగానే ఉన్నాయి, అయినా కాంగ్రెస్ ఓడింది. ఛత్తీస్‌గఢ్‌లో కాంగ్రెస్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ మహిళలకు ఏటా 15,000 ఇస్తామని దీపావళి నాడు ప్రకటించారు. అప్పటికి మొదటి విడత పోలింగ్ ముగిసి ఐదు రోజులైంది, బీజేపీ నెలకు వెయ్యి చొప్పున ఇచ్చే తన పథకానికి ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపించుకుంది. మధ్యప్రదేశ్‌లో బీజేపీ ప్రభుత్వం మహిళలకు నెలనెలా ఇచ్చే ‘లాడ్లీ బహనా’ డబ్బు జూన్ నుంచే ఖాతాల్లో పడుతోంది. పథకం ఉందా లేదా అన్నది కాదు, మూడో పక్షం వైపు చూసే పేద మహిళ ఓటును ఏ పార్టీ కార్యకర్త ముందుగా ఇంటికి వెళ్ళి అడిగాడన్నదే ఈ మూడు రాష్ట్రాల్లో తేడా తెచ్చిందనడం సమంజసం.

ఈశాన్య రాష్ట్రాల్లో ఇదే సూత్రం ఒకచోట తిరగబడి కనిపించింది. త్రిపురలో బీజేపీ ఓటు 43.6 నుంచి 39 శాతానికి తగ్గినా 60లో 32 స్థానాలతో అధికారం నిలిచింది, ఎందుకంటే కొత్తగా వచ్చిన తిప్రా మోథా 13 స్థానాలు గెలవడమే కాక ప్రతిపక్ష ఓటును రెండుగా చీల్చింది. మిజోరంలో జోరం పీపుల్స్ మూవ్‌మెంట్ అనే మూడో పక్షమే 40లో 27 గెలిచి, 1987 నుంచి రెండు పార్టీల మధ్య తిరుగుతున్న అధికారాన్ని లాక్కుంది. నాగాలాండ్ శాసనసభ చరిత్రలో తొలిసారిగా ఇద్దరు మహిళలు, హెకాని జఖాలు, సల్హౌటుఒనువో క్రూసే, గెలిచిందీ ఈ ఏడాదే. రాష్ట్రం ఏర్పడి అప్పటికి అరవై ఏళ్ళు.

సెమీఫైనల్ అన్న మాటకు జవాబు 2024 జూన్‌లో దొరికింది, అదీ కర్ణాటకలోనే. బీఆర్‌ఎస్ పేరు మార్పు రోజున హైదరాబాద్ వచ్చి కేసీఆర్ పక్కన నిలబడిన కుమారస్వామి, 2023 సెప్టెంబరుకల్లా జేడీఎస్‌ను బీజేపీ కూటమిలో చేర్చారు. మూడో పక్షం ఓటు మళ్ళీ కదిలింది, ఈసారి అటు. 42.9 శాతంతో శాసనసభలో 135 స్థానాలు గెలిచిన కాంగ్రెస్‌కు లోక్‌సభ ఎన్నికల్లో 45.4 శాతం వచ్చాయి. స్థానాలు 28లో 9. బీజేపీ 17, జేడీఎస్ 2 తీసుకున్నాయి, బెంగళూరు పేరు మీదున్న నాలుగు స్థానాలూ ఆ పదిహేడులోవే.